తెలుగు నేల మీద విద్యార్థి మిషన్

చదువుకునే వయసులో ఉన్నవారి మధ్య, చదువు చెప్పే చోటునే ఆధారం చేసుకుని సాగే క్రైస్తవ సేవను విద్యార్థి మిషన్ అంటారు. అది బడి పెట్టడం కావచ్చు, హాస్టలు నడపడం కావచ్చు, కాలేజీలో ఐదారుగురు కూర్చుని బైబిలు చదువుకునే బృందం కావచ్చు, చదువు కోసం పరాయి దేశంలో దిగిన కుర్రవాణ్ణి విమానాశ్రయం నుంచి గదికి చేర్చడం కావచ్చు. పరాయి దేశంలో విద్యార్థులు అనగానే ఇవాళ మనకు డాలస్, న్యూజెర్సీ గుర్తొస్తాయి. నూట ఎనభై ఏళ్ల కిందట మాత్రం ఆ పరాయి దేశం మన మచిలీపట్నం, మన గుంటూరు, మన ఒంగోలు. ఇంగ్లండు నుంచి, అమెరికా నుంచి బయలుదేరిన మిషనరీలకు సముద్రాలు దాటి వచ్చి కలుసుకోవలసిన విద్యార్థులు తెలుగు పిల్లలే. ఆ చరిత్రను రెండు రకాలుగా చెప్పడం అలవాటైపోయింది. చదువు వెలుగు తెచ్చారని కొందరు, చదువును ఎరగా వేశారని కొందరు. ఈ రెండింటి కంటే ముఖ్యమైన విషయం ఒకటి ఉంది. పై కులాల విద్యార్థులను గెలుచుకుంటే మిగిలిన సమాజం వారి వెంట నడుస్తుందని మిషనరీలు వేసిన లెక్క తెలుగు నేల మీద తప్పింది. ఆ లెక్కలో లేనివారు, బడి గడప బయట నిలబడ్డవారు, తమంతట తామే వచ్చి సంఘాన్ని కట్టారు. కాబట్టి విద్యార్థి మిషన్‌ను ఎంతమంది బాప్తిస్మం తీసుకున్నారన్న సంఖ్యతో కొలవకూడదు. ఎవరిని బెంచీ మీద కూర్చోనిచ్చిందన్న ప్రశ్నతో కొలవాలి. ఈ వ్యాసం చెప్పదలచినది ఇదే.

తెలుగువారి మధ్య ప్రొటెస్టెంటు మిషన్ 1805లో విశాఖపట్నంలో మొదలైంది. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జి క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజ్ అక్కడ తొలి రోజుల్లోనే బడి తెరిచారు. భాష నేర్చుకోవాలన్నా, మనుషులతో పరిచయం కలగాలన్నా బడికి మించిన దారి కొత్తవాడికి ఉండదు. తరువాతి మిషన్లన్నీ అదే బాట పట్టాయి. 1840లో నెల్లూరులో స్థిరపడిన అమెరికన్ బాప్టిస్టు శామ్యూల్ డే, 1842లో గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్, ఆ తరువాత కాకినాడలో కెనడియన్ బాప్టిస్టులు, అందరూ బడి పెట్టినవారే. అయితే బడి పెట్టడం వేరు, బడే మిషన్ అనుకోవడం వేరు. ఆ రెండో ఆలోచన 1830లో కలకత్తాలో స్కాట్లండు మిషనరీ అలెగ్జాండర్ డఫ్‌తో బలపడింది. ఇంగ్లీషులో పై చదువు చెప్పి, అందులో బైబిలును భాగం చేసి, సమాజంలో పలుకుబడి ఉన్న కుటుంబాల పిల్లల మనసు మారిస్తే, ఆ మార్పు వారి ద్వారా కింది వరకూ దిగుతుందని ఆయన నమ్మాడు. మన రైతు మాటల్లో చెప్పాలంటే, ఎగువ చేనుకు నీరు పెడితే దిగువ చేనుకు అదే పారుతుందన్న ధీమా అది. కంపెనీ ప్రభుత్వం కూడా చదువు విషయంలో అదే ధీమాతో నడిచింది. ఎగువ రైతు గట్టు వేసుకుంటే ఏమవుతుందన్నది ఆ లెక్కలో లేదు.

ఈ ఆలోచనకు తెలుగు దేశంలో నిలువెత్తు రూపం రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్. కేంబ్రిడ్జిలో చదివిన ఈయన, ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన హెన్రీ వాట్సన్ ఫాక్స్‌తో కలిసి చర్చి మిషనరీ సొసైటీ తరఫున 1841లో వచ్చాడు. ఇద్దరూ పని పంచుకున్నారు. ఊరూరా తిరిగి ప్రకటించడం ఫాక్స్ వంతు, బడి నోబుల్ వంతు. 1843 నవంబరులో మచిలీపట్నంలో ఆ బడి తెరిచిన రోజున వచ్చినవారు ఇద్దరే విద్యార్థులు. తరువాత అది ఉత్తర సర్కారుల్లో పేరున్న విద్యాసంస్థగా పెరిగింది. నేటికీ నోబుల్ కాలేజీ అన్న పేరుతో నిలిచి ఉంది. నోబుల్ మళ్లీ స్వదేశం ముఖం చూడలేదు. పెళ్లి చేసుకోలేదు. 1865 అక్టోబరులో చనిపోయేవరకు ఆ బడే ఆయన లోకం. ఇరవై రెండేళ్లు ఒకే ఊళ్లో, ఒకే పనిలో, ఒకే పట్టుదలతో ఉండిపోయిన ఆ మనిషి నిష్ఠను శంకించడానికి ఆధారం లేదు. ప్రశ్నించవలసింది ఆయన నిష్ఠను కాదు, ఆయన పెట్టిన నియమాన్ని. బడిలో బ్రాహ్మణులకు, వెలమలకు, ఇతర సవర్ణులకు, ముస్లిములకు చోటుండేది. మాల, మాదిగ పిల్లలకు ఉండేది కాదు. అది ఆనవాయితీగా వచ్చిన అలవాటు కాదు, ఆలోచించి చేసిన నిర్ణయం. ఇంగ్లండులో పెద్దింటి పిల్లలను పాకీ పనివారి పిల్లల పక్కన కూర్చోబెట్టమని ఎవరైనా అడుగుతారా అన్నది ఆయన వాదన. అంటే, తన దేశపు వర్గభేదంలో మన కులభేదానికి సమర్థన వెతుక్కున్నాడు. ఆయన తోటి మిషనరీల్లోనే దీని మీద అభ్యంతరాలు వచ్చాయి.

నియమం ఫలితం ఏమిటి? తొమ్మిదేళ్ల బోధన తరువాత, 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకున్నారు. మంచాల రత్నం, ఐనాల భూషణం. ఒకరు బ్రాహ్మణుడు, ఒకరు వెలమ. ఊరు అట్టుడికిపోయింది. జనం నోబుల్ ఇంటి మీదికి వచ్చారు. బడి ఒక్కసారిగా ఖాళీ అయింది. ఆ తల్లిదండ్రుల దుఃఖాన్ని తేలికగా తీసుకోకూడదు. మతం మారిన కొడుకు ఆ రోజుల్లో ఇంటికి చచ్చినవాడితో సమానం. పంక్తి పోతుంది, పెళ్లి సంబంధాలు పోతాయి, కర్మకాండ చేసే హక్కు పోతుంది. అయినా కొన్నాళ్లకు పిల్లలు మెల్లగా తిరిగి వచ్చారు. ఇంగ్లీషు చదువు మీద ఆశ భయాన్ని గెలిచింది. రత్నం, భూషణం 1864లో గురుపట్టాభిషేకం పొంది పాదిరీలయ్యారు. అదే బడిలో చదివి క్రైస్తవుడైన జానీ అలీ అనే ముస్లిం విద్యార్థి కేంబ్రిడ్జి దాకా వెళ్లి పట్టా పుచ్చుకుని, మిషనరీగా తిరిగొచ్చి కలకత్తాలో పనిచేశాడు. వీరు గట్టి మనుషులు, వీరి కథలు నిజంగా గొప్పవి. కానీ నోబుల్ జీవితకాలంలో బడి ద్వారా మారినవారు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే. వారి వెనుక వారి కులాలు రాలేదు. వారు వెళ్లాక వాకిలి మూసుకుంది, అంతే. కులం ఒక వ్యక్తిని బయటికి నెట్టి తనను తాను కాపాడుకోగలదు. పైనుంచి మొదలుపెట్టే పద్ధతికి ఈ సంగతి అర్థం కాలేదు.

నోబుల్‌ను సమర్థించేవారు ఇక్కడ ఒక బలమైన మాట అంటారు. 1843లో దళిత పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెడితే బడి అన్నదే ఉండేది కాదు, ఉన్న పరిస్థితిలో చేయగలిగింది చేశాడు, ఈనాటి కళ్లతో ఆనాటివారిని చూడకూడదు అని. ఈ మాటలో నిజం ఉంది. 1856లో ధార్వాడ ప్రభుత్వ పాఠశాలలో చేరడానికి వచ్చిన ఒక మహార్ బాలుణ్ణి బొంబాయి ప్రభుత్వమే చేర్చుకోలేదు. మిగిలిన పిల్లలు వెళ్లిపోతారన్నదే అక్కడి కారణమూ. సర్కారుకే లేని తెగువ ఒంటరి మిషనరీకి ఎక్కడి నుంచి వస్తుందని అడగవచ్చు. దీనికి జవాబు ఈనాటి కళ్లతో చెప్పనక్కర లేదు, ఆనాటి సంఘటనలే చెబుతాయి. నోబుల్ ఇంకా బతికి ఉండగానే, ఆయన సొంత సొసైటీకి చెందిన బెజవాడ కేంద్రంలో, 1859లో రాఘవాపురం నుంచి పగోలు వెంకయ్య అనే మాల పెద్ద మిషనరీ థామస్ డార్లింగ్ దగ్గరికి నడిచి వచ్చాడు. ఎవరూ పిలవలేదు. బడిలో చదివి వచ్చినవాడు కాదు. తానే వచ్చాడు, తన మనుషులను తెచ్చాడు, మళ్లీ తన ఊరికి వెళ్లి చుట్టుపక్కల పల్లెలకు మాట మోశాడు. కృష్ణా మండలంలో ఆంగ్లికన్ సంఘం అక్కడి నుంచి పెరిగింది. మచిలీపట్నంలో పదహారేళ్లుగా ఎగువ చేనుకు కాలువ తవ్వుతుంటే, ఊట దిగువ చేనులోనే పైకి వచ్చింది.

తెంపు చేయగలిగినవారు ఆ రోజుల్లోనూ ఉన్నారనడానికి ఒంగోలు సాక్ష్యం. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు చేరినప్పుడు ఆయనకూ నోబుల్‌కు దొరికిన అవకాశమే దొరికింది. ఊరి బ్రాహ్మణులు బడి పెట్టమని అడిగారు, సాయం చేస్తామన్నారు, పిల్లలను పంపారు. ఆ బడి మీద ఆయన కూడా ఆశ పెట్టుకున్నాడు. అదే సమయంలో తాళ్లకొండపాడు నుంచి ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ల వ్యాపారి వచ్చాడు. పేరయ్య ఖాళీ పలక కాదు. అప్పటికే రాజయోగం బోధించే గురువుల దగ్గర సాధన చేసినవాడు, ఏళ్లుగా సత్యం కోసం వెతుకుతున్నవాడు. ఆయన వెనక ఆయన బంధుజనం కదిలింది. వీళ్లను చేర్చుకుంటే మా పిల్లలు రారని ఊరి పెద్దలు తేల్చి చెప్పారు. క్లౌ, ఆయన భార్య హారియెట్ ఆ రాత్రి వేర్వేరు గదుల్లో బైబిలు తెరిచారనీ, ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే భాగం, లోకం బలహీనులనుకునేవారినే దేవుడు ఎంచుకున్నాడన్న భాగం, కనిపించిందనీ క్లౌ తన జీవితకథలో రాసుకున్నాడు. ఆ యాదృచ్ఛికతను ఎవరు ఎలా నమ్మినా, దాని తరువాత జరిగింది మాత్రం నిర్వివాదం. దంపతులు మాదిగలను చేర్చుకున్నారు. సవర్ణుల పిల్లలు బడి మానేశారు. 1867 జనవరిలో ఎనిమిది మందితో ఒంగోలు సంఘం ఏర్పడింది. నోబుల్ దేనికి భయపడ్డాడో సరిగ్గా అదే ఒంగోలులో జరిగింది. అయినా పని ఆగలేదు. తరువాతి కాలంలో ఒంగోలులో మిషన్ ఉన్నత పాఠశాల లేచింది. ఖాళీ అయిన బడి మళ్లీ నిండుతుందని, ఈసారి వేరే పిల్లలతో నిండుతుందని ఒంగోలు చూపించింది.

ఇక అందరికీ తెలిసిన ఆక్షేపణ ఉంది. ఆకలితో ఉన్నవాడికి అన్నం, చదువు లేనివాడికి చదువు ఇచ్చి మతం మార్చడం న్యాయమా? 1876–78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ రెండు వాక్యాలను పక్కపక్కన పెడితే అనుమానం రావడం సహజమే. కానీ మధ్యలో ఉన్న వాక్యాన్ని వదిలేయకూడదు. కరువు సాయం నడిచినంత కాలం, ఏడాదికి పైగా, క్లౌ ఒక్క బాప్తిస్మం కూడా ఇవ్వలేదు. సాయం అయిపోయి, ఇక ఇవ్వడానికి ఏమీ లేదని చెప్పి పంపేసిన తరువాతే జనం నదికి వచ్చారు. పైగా కరువుకు ముందే ఆ సంఘం వేలకు చేరింది. అలాగని కూలికీ విశ్వాసానికీ మధ్య సంబంధమే లేదని నేను వాదించను. కష్టకాలంలో పక్కన నిలబడ్డవాడి మాట చెవికెక్కుతుంది, అది మనిషి స్వభావం. కానీ ప్రలోభం అనే మాట వాడేటప్పుడు, అది ఆ 2,222 మందికి సొంత ఆలోచన లేదని చెబుతోందని గుర్తుంచుకోవాలి. అంటరానివారని ఊరి బావి నుంచి తరిమినప్పుడు వారికి ఆలోచన ఉందా లేదా అని ఎవరూ అడగలేదు. వారు తమకు మర్యాద దొరికే చోటును ఎంచుకున్నప్పుడే ఆ ప్రశ్న పుట్టింది. బడి పిల్లల విషయం మాత్రం వేరు. తప్పనిసరి బైబిలు తరగతిలో కూర్చున్న పన్నెండేళ్ల పిల్లవాడికి కాదనే వీలు లేదు. ఈ ఆక్షేపణ అక్కడ నిలుస్తుంది, దాన్ని ఒప్పుకోవాలి.

కాలేజీ మిషన్ల తరఫున చెప్పే మాటల్లో అన్నిటికన్నా లోతైనది మద్రాసు క్రిస్టియన్ కాలేజీ నిర్మాత విలియం మిల్లర్‌ది. బాప్తిస్మాల లెక్క చూడవద్దు, ఆలోచనల వ్యాప్తి చూడండి, మేం పంట కోయడానికి రాలేదు, నేల సిద్ధం చేయడానికి వచ్చాం అన్న ధోరణి ఆయనది. తెలుగు సీమలో దీనికి ఉదాహరణలు కొల్లలు. మిల్లర్ శిష్యుడైన రఘుపతి వెంకటరత్నం నాయుడు క్రైస్తవుడు కాలేదు, బ్రహ్మసమాజీకుడయ్యాడు. దేవదాసీ వ్యవస్థ మీద పోరాడాడు. అంటరానివారని పేరుపడ్డ పిల్లలను ఇంట పెట్టుకుని చదివించాడు. 1890లలో ఆయన నోబుల్ కాలేజీలోనే పాఠాలు చెప్పాడు. ఆ తరగతి నుంచి వచ్చినవారే ముట్నూరి కృష్ణారావు, కోపల్లె హనుమంతరావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య. ఈ ముగ్గురూ కలిసి 1910లో అదే మచిలీపట్నంలో ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపించారు. పరాయి పాలకుల చదువు కాదు, మన చదువు కావాలన్నది దాని పునాది. మిషన్ కాలేజీలో చదివినవారు మిషన్ కాలేజీకి ప్రత్యామ్నాయం కట్టారు. దీన్ని మిషన్ ఓటమి అనవచ్చు. నేను అనను. తనకు ఎదురు చెప్పగల విద్యార్థిని తయారు చేసిన గురువు గురుత్వానికి లోటు లేదు. అయితే మిల్లర్ వాదనకు ఇది పూర్తి బలమూ కాదు. ఆ ముగ్గురు తీసుకున్నదేమిటో నిర్ణయించుకున్నది ఆ ముగ్గురే. నేలను మిషనరీ దున్నాడు సరే, విత్తనాన్ని విద్యార్థి ఎంచుకున్నాడు. పైగా ఇంగ్లీషు చదువు వల్ల వచ్చిన సంస్కరణ భావం ప్రభుత్వ కళాశాలల్లో చదివినవారిలోనూ కనిపిస్తుంది. అది కేవలం మిషన్ పుణ్యమే అనడానికి లేదు.

తక్కిన సంస్థల జాబితా చాలా పెద్దది, ఇక్కడ కొన్ని పేర్లు చాలు. గుంటూరులో లూథరన్లు 1885లో స్థాపించిన కళాశాల ఆంధ్ర క్రైస్తవ కళాశాలగా, జనం నోట ఎ.సి. కాలేజీగా పేరు పొందింది. కాకినాడలో మెక్‌లారిన్ ఉన్నత పాఠశాల, మచిలీపట్నంలో షార్కీ దంపతులు నడిపిన ఆడపిల్లల బడి, హైదరాబాదులో 1895 నాటి స్టాన్లీ బాలికల పాఠశాల ఆయా మిషన్ల కృషి. కథోలికులు 1953లో విజయవాడలో ఆంధ్ర లొయోలా కళాశాల స్థాపించారు, 1959లో బేగంపేటలో సెయింట్ ఫ్రాన్సిస్ మహిళా కళాశాల వచ్చింది. తెలుగు సినిమా పునాదుల్లో కూడా ఈ కాలేజీల ఇటుకలు ఉన్నాయి. ఎన్.టి. రామారావు, కొంగర జగ్గయ్య ఇద్దరూ గుంటూరు ఎ.సి. కాలేజీలో చదువుతూ నాటకాలాడినవారే. మిషనరీలు ఊహించని ఫలితం ఇది, వారు కోరినదీ కాదు. అయినా ఒక కాలేజీ ఊరికి ఏమిస్తుందో లెక్క వేసేటప్పుడు దీన్నీ కలుపుకోవాలి.

కింది నుంచి వచ్చిన విద్యార్థి సంగతికి వస్తే కథ వేరు. పల్లె నుంచి మాల, మాదిగ పిల్లవాడు మిషన్ కేంద్రంలోని బోర్డింగుకు వస్తాడు. అక్కడ నాలుగైదేళ్లు తిండి, బట్ట, చదువు, ప్రార్థన. ఆ తరువాత ఉపాధ్యాయ శిక్షణ, లేదా 1872లో మొదలైన రామాయపట్నం వేదాంత పాఠశాల వంటి చోట బోధకుడి శిక్షణ. చివరికి ఒక పల్లెకు టీచరుగా, బోధకుడిగా వెళతాడు. పగలు అక్షరాలు, రాత్రి ప్రార్థన. అతణ్ణి పల్లె జనం పంతులుగారు అని పిలిచారు. ఈ ఒక్క మాట దగ్గర ఆగాలి. పంతులు అన్నది అప్పటిదాకా బ్రాహ్మణుడికి చెల్లిన గౌరవవాచకం. దాన్ని మాలపల్లెలో పుట్టినవాడికి తగిలించడం ఏ కమిటీ తీర్మానంతోనూ జరగలేదు. అక్షరం చేతికి వచ్చాక భాషే దారి ఇచ్చింది. ఆ బడుల పరంపరలోనే గుర్రం జాషువా ఉన్నాడు. గుంటూరు లూథరన్ శిక్షణ పాఠశాలలో ఆయన కొన్నేళ్లు ఉపాధ్యాయుడు. పురాణాలు చదువుతున్నాడని సంఘంలో కొందరు, ఈ కులంవాడికి పద్యమేమిటని ఊళ్లో కొందరు ఆయన్ని నిలదీశారు. 1941లో గబ్బిలం వెలువడింది. ఆ కావ్యం మిషన్ రాయించినది కాదు, మిషన్‌కు సంతృప్తి కలిగించడానికి రాసినదీ కాదు. బెంచీ మీద చోటు దొరికినవాడు తన సొంత గొంతుతో అడిగిన ప్రశ్న.

ఇంతవరకు చెప్పినదంతా తెల్లవారు చేసిన పనిగా వినిపిస్తే పొరపాటు. దోర్నకల్ బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య తమిళుడు, తిరునల్వేలి వాడు. బిషప్ కాకముందు చాలా ఏళ్లు వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా విద్యార్థుల, యువకుల మధ్య పనిచేశాడు. ప్రపంచ విద్యార్థి క్రైస్తవ సమాఖ్య 1907లో టోక్యోలో జరిపిన మహాసభకు వెళ్లాడు. 1903లో తిరునల్వేలి క్రైస్తవులు సొంత డబ్బుతో పెట్టుకున్న భారతీయ మిషనరీ సంఘం నిజాం రాజ్యంలోని దోర్నకల్‌ను తన పొలంగా ఎంచుకుంది. వారికి తెలుగు పరాయి భాష, తెలంగాణ పరాయి రాజ్యం. 1912 డిసెంబరు 29న అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. ఆయన దొరతనం కోరలేదు, కాలేజీ మీద ఆశ పెట్టుకోలేదు. పల్లెటూరి బడి, పల్లెటూరి టీచరు, ఆ టీచరు భార్య చదువు, వీటి మీద నిలబడ్డాడు. 1940ల నాటికి ఆయన మేత్రాసనంలో క్రైస్తవులు రెండు లక్షలు దాటారు. 1910 ఎడిన్‌బరో సభలో ఆయన పాశ్చాత్య మిషనరీల ముఖం మీదే చెప్పాడు. మీ త్యాగం చూశాం, మీ ధనం చూశాం, మాకు కావలసింది స్నేహం అన్నది ఆ ప్రసంగ సారాంశం. విద్యార్థి మిషన్ గురించి ఎవరు రాసినా ఈ మాట దాటి వెళ్లకూడదు. పెట్టేవాడు, పుచ్చుకునేవాడు అన్న సంబంధం ఉన్నంతకాలం విద్యార్థి అవునన్నా, కాదన్నా, ఆ మాటకు పూర్తి విలువ రాదు.

స్వాతంత్ర్యం తరువాత ఆ విలువకు రాజ్యాంగం రక్షణ ఇచ్చింది. 25వ అధికరణం మతాన్ని ఆచరించే, ప్రచారం చేసే స్వేచ్ఛ ఇచ్చింది. 30వది అల్పసంఖ్యాకులకు విద్యాసంస్థలు నడుపుకునే హక్కు ఇచ్చింది. 28వది ప్రభుత్వ గుర్తింపు లేదా సాయం పొందే సంస్థలో విద్యార్థిని అతని సమ్మతి లేకుండా, మైనరైతే సంరక్షకుడి సమ్మతి లేకుండా, మతబోధలో కూర్చోబెట్టకూడదన్నది. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు ప్రచార హక్కులో మరొకరిని మతం మార్చే హక్కు ఇమిడి లేదని తీర్పు చెప్పింది. నోబుల్ బడిలో బైబిలు తరగతి అందరికీ తప్పనిసరి. ఇప్పుడు అది కుదరదు. ఈ మార్పును మిషన్‌కు పడిన సంకెలగా కొందరు క్రైస్తవులు భావిస్తారు. నా దృష్టిలో ఇది మిషన్‌కే మేలు. కాదనే వీలున్నచోటే అవునన్న మాట నమ్మదగ్గది. నిజానికి 1954లో ఏర్పడిన క్రైస్తవ విద్యార్థి సంస్థ యూఈఎస్ఐ, తెలుగు కాలేజీల్లో ఇ.యు. అని పిలిచే బృందాల మాతృసంస్థ, బడీ భవనమూ లేకుండా విద్యార్థులే విద్యార్థులను కలుసుకునే పద్ధతిలో పెరిగింది. ఇష్టమైతే వస్తారు, లేకపోతే రారు. అక్కడ మార్కులు లేవు, సీటు పోతుందన్న భయం లేదు.

కానీ ఒక భయం మాత్రం ఉంది, అది చట్టమే పెట్టింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి షెడ్యూల్డు కులాల హోదా ఉండదు. తెలుగు రాష్ట్రాల్లో అతణ్ణి బి.సి.–సి వర్గంలో చేర్చారు, ఆ వర్గానికి ఉన్న రిజర్వేషన్ ఒక్క శాతం. అందువల్ల ఇంటర్ పూర్తి చేసిన పిల్లవాడు కాలేజీ దరఖాస్తులో మతం అన్న గడి దగ్గర ఆగిపోతాడు. 1971 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 4.19 శాతం. 2011లో 1.34 శాతం. ఆ నలభై ఏళ్లలో పల్లెల్లో చర్చీలు తగ్గలేదు, ఆదివారాల రద్దీ తగ్గలేదు, కాగితం మీద అంకె మాత్రం మూడో వంతుకు పడిపోయింది. జనాభా లెక్కలకూ ఆదివారానికీ మధ్య ఇంత దూరం రావడానికి ప్రధాన కారణం ఆ ఉత్తర్వేనని నేను అనుకుంటున్నాను. మతం మారితే కులం పోతుందని చట్టం అంటుంది. ఊరు అలా అనదు, సంబంధాలు కుదుర్చుకునే చర్చి కూడా అనదు. ఎరవేసి మతం మారుస్తారన్న ఆరోపణ చేసేవారు, మతం మార్చుకోకుండా ఆపడానికి వేసిన ఈ ఎర గురించి కూడా మాట్లాడితే న్యాయంగా ఉంటుంది. ఈ హోదా ప్రశ్నను పరిశీలించడానికి కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషన్ వేసింది.

ఇప్పుడు దిశ తిరిగింది, సముద్రాలు దాటేది ఇవాళ తెలుగు విద్యార్థులే. 2023–24లో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది, ఏ దేశం నుంచి వచ్చినవారికన్నా ఎక్కువ. అందులో తెలుగువారి వాటా ఎంత పెద్దదో తెలియాలంటే హైదరాబాదులో అమీర్‌పేట నుంచి వెంగళరావు నగర్ మీదుగా యూసుఫ్‌గూడ దాకా నడిస్తే చాలు. హాస్టలు బోర్డులు, కోచింగు బోర్డులు, వీసా కన్సల్టెన్సీ బోర్డులు ఒకదాని మీద ఒకటి. ఇక్కడి గదుల్లో ముగ్గురేసి, నలుగురేసి సర్దుకుని చదివినవాళ్లు అక్కడ దిగగానే, వారిని పలకరించే మొదటి మనుషుల్లో చర్చివారు ఉంటారు. 1953 నుంచి పనిచేస్తున్న ఇంటర్నేషనల్ స్టూడెంట్స్ సంస్థ వంటివి ఇదే సేవలో ఉన్నాయి. విమానాశ్రయానికి కారు, వాడిన పరుపు, కిరాణా కొట్టుకు తీసుకెళ్లడం, ఇంగ్లీషు మాట్లాడే అభ్యాసం, పండుగ పూట భోజనం. ఒంటరిగా ఉన్నవాడికి ఇది చిన్న సాయం కాదు. సాయం వెనుక ఉద్దేశం ఉందని విమర్శకులు అంటారు. ఉంటుంది, దాచవలసిన పనిలేదు. దాచినప్పుడే తప్పు. మచిలీపట్నంలో వర్తించిన కొలతే అక్కడా వర్తిస్తుంది. ఎవరికి కారు పంపారు? ఆలోచన మార్చుకునేలా ఉన్నవాడికేనా, అందరికీనా? బైబిలు చదువుకు రానన్న తరువాత కూడా పండుగ భోజనానికి పిలుపు వచ్చిందా?

పరాయి ఊళ్లలో తెలుగు సంఘాలు నడుపుతున్నవారికి ఈ ప్రశ్నలు మరీ దగ్గరివి. వారిలో చాలామంది ఒంగోలు, గుంటూరు, దోర్నకల్, మెదక్ సంఘాల బిడ్డలు. వారి తాతలను బడి గడప బయట నిలబెట్టిన రోజులు ఉన్నాయి, చేయి పట్టి లోపలికి తీసుకెళ్లిన రోజులూ ఉన్నాయి. ఈ ఆగస్టులో కొత్తగా దిగబోయే కుర్రవాడి ఇంటిపేరు, కులం, మతం అడగకముందే అతనికి గది చూపించండి. అతడు ఆదివారం రాకపోయినా ఆ గది అతనిదిగానే ఉండనివ్వండి.